తోడు కాలు

మెట్ల మీద బతికే పిల్ల మెట్ల మీదే జారింది. పియానో మెట్ల మీద జారితే ఓ అపస్వరం పలికి ఊరుకుంటుంది. ఇవి ఇంటి మెట్లు, పైగా అప్పుడే కడిగినవి. కుడికాలి మడమ పైన ఎముక పుటుక్కుమంది. పొద్దున కాలికి గుడ్డ చుట్టుకుని ఆస్పత్రికి వెళ్లిన పిల్ల సాయంత్రానికి మోకాలి దాకా సిమెంటు కట్టు కట్టుకుని తిరిగొచ్చింది. తల్లి కళ్లొత్తుకుంది. తండ్రి మాత్రం కాలి వంక చూడలేదు. గోడనున్న కేలండర్ వంక చూశారు. అందులో శనివారం చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి ఉంది.

ఆ శనివారం పిల్లల బడిలో సంగీతం టీచరు ఉద్యోగానికి పరీక్ష. హాల్లో పియానో ముందు కూర్చోబెట్టి వాయించమంటారు. అమ్మాయి టైర్ల కంపెనీలో ఫోన్లెత్తే ఉద్యోగం చేస్తోంది. "కాసేపు లైన్లో ఉండండి" అని ఊరందరికీ చెప్పీ చెప్పీ, తన బతుకే లైన్లో ఉండిపోయిందని వాపోతూ ఉండేది. బతుకు ఒక లైన్లో పడాలంటే ముందు ఆ లైను వదలాలి. ఆ వదిలే రోజే ఈ శనివారం.

"వాయిదా అడక్కపోయావా?" అంది తల్లి.

"ఇంకా ఇద్దరు వస్తున్నారటమ్మా. నాకోసం ఎవరాగుతారు? ప్రిన్సిపాలు మేడం ఫోన్లో, దెబ్బ తగిలిందంటే, చేతులు బాగానే ఉన్నాయి కదా అన్నారు. ఉన్నాయన్నాను. కాలితో పనేమిటని ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు."

"నిజంగానే, కాలితో పనేమిటే?"

అమ్మాయి కర్ర పట్టుకుని కుంటుకుంటూ వెళ్లి పియానో ముందు కూర్చుంది. అది కరెంటు పియానో. గోడవారగా సన్నటి బల్లలా ఉంటుంది. కింద చెక్కకి బిగించిన పెడళ్లు మూడు. వాటి వైరు వెనకాల గుచ్చి ఉంటుంది. ఎడమవైపుది తొక్కితే గొంతు తగ్గుతుంది. నడిపిది ఆ ఇంటి నడిపి మేనమామ లాంటిది. ఉన్నాడని అందరికీ తెలుసు, ఎందుకున్నాడని ఎవరూ అడగరు. పనంతా కుడివైపు దానిదే. అమ్మాయి మూడు మెట్లు కలిపి నొక్కి చేయి తీసేసింది. స్వరం టక్కున చచ్చిపోయింది.

"చూశావా? చేయి తీస్తే పోతుంది. అదే ఆ పెడల్ తొక్కి ఉంచితే, చేయి తీసినా మోగుతూనే ఉంటుంది. పాట ఒక చోటి నుంచి ఇంకో చోటికి దూకేటప్పుడు మధ్యలో గొయ్యి పడకుండా కింద నుంచి పట్టుకునేది కాలేనమ్మా. నేను వాయించాల్సింది నెమ్మది పాట. కాలు లేకపోతే అది పాట కాదు, టైపు కొట్టడం."

'పెడల్' అన్న మాట చెవిన పడగానే తండ్రి కేలండర్ వదిలి ఇటు తిరిగారు.

ఆయన్ని ఊళ్లో అందరూ బ్రేకు మాస్టారంటారు. అసలు పేరు ఆయన లైసెన్సు మీద తప్ప ఇంకెక్కడా వాడకంలో లేదు. డ్రైవింగు స్కూలు కార్లో పక్క సీటు ఆయన సింహాసనం. ఆ సీటు ముందు కూడా ఓ క్లచ్చు, ఓ బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్ల చేతిలో చక్రం, ఈయన కాలికింద వాళ్ల ప్రాణం. ఎదర కుక్క పరిగెత్తబోతోందని కుక్కకి తెలిసేలోపే ఆయన కాలు బ్రేకు మీద ఉండేది. ఇన్నేళ్లలో కారుకి ఒక్క గీత పడలేదు. ఆ కాలంటే ఆయనకి గర్వం. కాలు మీద కాలేసుకు కూర్చున్నా కుడికాలే పైన ఉండేది.

"నేనెందుకున్నానే, చిన్నీ?" అన్నారు మాస్టారు.

"నువ్వా నాన్నా? అక్కర్లేదులే. ఎడమకాలితో ప్రయత్నం..."

"ఎడమకాలు!" మాస్టారు లేచి నిలబడ్డారు. "కుడి పెడల్ మీద ఎడమకాలా? నా ఇంట్లోనా? ఎడమకాలు అటెళ్తే కారు గోడకెళ్తుందని ఊరందరికీ పాఠం చెప్పి, నా కూతురి చేత ఆ పని చేయించనా? నువ్వు చేతులు చూసుకో. కాలు నాది. డబుల్ కంట్రోల్!"

కుర్చీ ఈడ్చుకొచ్చి అమ్మాయికి ఎడమపక్కన వేసుకున్నారు. బాగున్న ఆ ఎడమకాలిని "నువ్వు కాస్త జరగమ్మా" అని మర్యాదగా పక్కకి జరిపించి, తన కుడికాలు అడ్డంగా చాచారు. కట్టుకాలు కుడిపక్క స్టూలెక్కింది. పియానో కింద నుంచి చూస్తే మనిషెవరో కాలెవరిదో పోల్చుకోవడం కష్టం.

"ఊఁ, స్టార్ట్ చెయ్" అన్నారు మాస్టారు, పెడల్ పూర్తిగా తొక్కి.

అమ్మాయి స్విచ్చి వేసింది. వాయించింది. అంతా తిరగబడింది. కాలు తొక్కితే స్వరం ఆగిపోతోంది, కాలు తీస్తే ఊళ మొదలవుతోంది. మాస్టారు తొక్కి చూశారు, వదిలి చూశారు, వంగి పెడల్‌తో మాట్లాడి కూడా చూశారు.

"ఇది పెడల్ కాదే, పెడసరం. మోగమంటే మానుతుంది, మానమంటే మోగుతుంది. మీ అమ్మ పుట్టింటి నుంచి వచ్చిందా?"

"ఉంది లెండి సంబడం" అంది వంటింట్లోంచి ఆవిడ.

అమ్మాయి ఆలోచించింది. "నాన్నా, స్విచ్చి వేసేటప్పుడు నీ కాలెక్కడుంది?"

"ఎక్కడుంటుంది? పెడల్ మీద. క్లచ్చు తొక్కకుండా బండి ఎవరైనా స్టార్ట్ చేస్తారటే?"

అమ్మాయికి ఆపుకోలేనంత నవ్వొచ్చింది. స్విచ్చి వేసిన క్షణంలో పెడల్ ఎలా ఉంటే, అదే వదిలేసిన స్థితి అనుకుంటుంది ఆ యంత్రం. తొక్కిపెట్టి వేస్తే, తొక్కడమే వదలడమని నమ్మి కూర్చుంటుంది. అది వివరించి, స్విచ్చి ఆపి, తండ్రి కాలు నేలమీద పెట్టించి, మళ్లీ వేసింది. ఈసారి పెడల్ దారికొచ్చింది. దారికి రానిది కాలే.

వరస ఏమిటంటే, కొత్త స్వరాల మీద చేతులు దిగుతుండగా కాలు లేవాలి, పాతవి ఆగాలి. కొత్తవి పలికాయని చెవికి తెలిశాక కాలు మళ్లీ దిగాలి. చేతుల తరవాతే కాలు. మాస్టారి కాలు పుట్టి బుద్ధెరిగి ఎవరి తరవాతా వెళ్లలేదు. చేతులింకా పాత మెట్ల మీద ఉండగానే లేచి, మళ్లీ టప్పున దిగేసేది. దాంతో పాత స్వరాలూ కొత్త స్వరాలూ కలిసిపోయి, పెళ్లివారంతా ఒకేసారి మాట్లాడుతున్నట్టు గోల.

"ముందే తొక్కేస్తున్నావు నాన్నా."

"ముందే తొక్కకపోతే గుద్దేస్తారే!"

"ఇక్కడ గుద్దడానికి ఎవరూ లేరు నాన్నా. విను. విన్నాక తొక్కు."

"విన్నాక ఇంకేం మిగులుతుందే తొక్కడానికి? ప్రమాదం జరిగిపోయాక బ్రేకు వేసినట్టు."

మళ్లీ మొదలు. మళ్లీ గోల. ఆ సాయంత్రమంతా ఇదే వరస. అయినా మాస్టారి మొహం వెలిగిపోతూనే ఉంది. ఫోనెత్తినప్పుడల్లా "శనివారం మా అమ్మాయికి పరీక్ష, కాలు నాదే" అని బంధువులకి చెప్పుకున్నారు. కూతురు ఉద్యోగంలో కాలు పెట్టాలంటే తండ్రి కాలు పెట్టాల్సి వచ్చిందని తనలో తనే నవ్వుకున్నారు. మర్నాడు సాయంత్రం, ఆ మర్నాడు సాయంత్రం కూడా కూర్చున్నారు. పాట బాగుపడలేదు. "బాగానే ఉంది నాన్నా" అనేది అమ్మాయి, మెట్ల మీద గుడ్డ కప్పుతూ.

గురువారం పొద్దున డ్రైవింగు స్కూలు దగ్గర పళ్ల డాక్టరమ్మ కారుకి ఆనుకుని నిలబడి ఉంది. ఊళ్లో సగం మంది నోళ్లు తెరిపించగల మనిషి. ఇవాళ తన నోరే బిగించుకుని ఉంది. మాస్టారి దగ్గర అందరికంటే చక్కగా నడిపే శిష్యురాలు ఆవిడే.

"ఏమైందండీ లైసెన్సు పరీక్ష?"

"పోయింది."

"మీకా? పోవడమా? కంగారు పడి ఉంటారు."

"కంగారేం లేదు మాస్టారూ. బయల్దేరిన ప్రతిచోటా ఇంజను ఆగిపోయింది. మీ దగ్గర నేర్చుకున్నన్నాళ్లూ ఒక్కసారి ఆగలేదు. ఎందుకా అని రాత్రంతా ఆలోచించాను. వాళ్ల కార్లో పక్క సీటు ముందు పెడళ్లు లేవు."

మాస్టారు తాళాలు అటూ ఇటూ ఊపారు. "నేను ఎప్పుడో ఓసారి సాయం చేస్తానంతే. అదీ అవసరం పడితేనే."

"సరే, ఇవాళ అవసరం పడనివ్వను. ఎక్కండి."

ఆవిడ కారు తీసింది. సందు మలుపు వరకు మాస్టారు కాలు బిగబట్టుకునే ఉన్నారు. మలుపులో కూరల బండి కనిపించింది. ఆయనకి తెలియకుండానే కాలు దిగింది. కారు ముక్కు నేలకేసి కొట్టుకున్నట్టు ఆగింది. ఇద్దరూ ముందుకి తూలారు. కూరల బండివాడు అంత దూరాన తన మానాన తను వెళ్లిపోతున్నాడు.

"చూశారా, నేను లేకపోతే..." అనబోయారు మాస్టారు.

డాక్టరమ్మ చక్రం మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. "మాస్టారూ, కిందకి చూడండి."

చూశారు. ఆవిడ కాలు బ్రేకు మీదే ఉంది.

"నేను తొక్కుతూనే ఉన్నాను. మెల్లిగా ఆగేది. మీరు నామీద ఇంకోటి తొక్కారు." గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని ఇబ్బంది పెట్టింది. "మా క్లినిక్కులో కొత్త డాక్టర్లు పన్ను పీకడం నేర్చుకోవాలి. చేయి వాళ్లదీ, లాగేది నేనూ అయితే, ఎన్నాళ్లు గడిచినా వాళ్లకి పీకడం రాదు. వచ్చిందని మాత్రం అనుకుంటారు. ఆ అనుకోవడంతోటే నన్ను పరీక్షకి పంపించారు మీరు."

మాస్టారు బ్రేకు మీది కాలు అప్పుడు తీశారు. ఆవిడ దిగి, తలుపు నెమ్మదిగా వేసి, "ఇవాళ్టికి చాలు లెండి. రేపు మీ పెడళ్లకి అడ్డంగా ఓ సంచీ పెట్టుకొస్తాను" అని వెళ్లిపోయింది.

అలా ఆయన మధ్యాహ్నం కాకుండానే ఇంటికి చేరారు.

గుమ్మం ముందు చెప్పులు విడుస్తుంటే పాట వినిపించింది. అదే పాట. అయితే రోజూ సాయంత్రం తన కాలికింద నలిగే పాట కాదు. ఒక్కో స్వరం తేటగా లేస్తోంది. పక్కదానికి దారిచ్చి తప్పుకుంటోంది. మధ్యలో గొయ్యి లేదు, గోల లేదు. మాస్టారు కిటికీ పక్కన నిలబడిపోయారు.

అమ్మాయి వొళ్లు ఓ పక్కకి ఒరిగి ఉంది. కట్టుకాలు స్టూలు మీద అడ్డదిడ్డంగా పడి ఉంది. ఎడమకాలు కుడి పెడల్ మీదుంది. మడమ నేలకానించి, మునివేళ్లతో తేలిగ్గా నొక్కుతోంది. చేతులు దిగుతున్నాయి, తరవాత ఆ కాలు లేచి దిగుతోంది. ఎవరి తొందరా లేదు. ఓచోట కాలు జారితే ఆగి, "అబ్బా" అనుకుని, అక్కణ్ణుంచే మళ్లీ అందుకుంది. ఆ స్టూలు జరిగిపోతున్నప్పుడల్లా వాయించడం ఆపి, కట్టుకాలిని రెండు చేతులతో ఎత్తి సర్దుకుంటోంది.

మాస్టారు పెరటి వైపు నుంచి వంటింట్లోకి వెళ్లారు. భార్య కూర తరుగుతోంది.

"ఎప్పట్నుంచోయ్ ఇది?" అన్నారు గొంతు తగ్గించి.

ఆవిడ కత్తిపీట ఆపలేదు. "మీరు కుర్చీ ఈడ్చిన మర్నాటి నుంచీ. మీరటు వెళ్లగానే ఇది ఇటు కూర్చుంటుంది."

"నాకు చెప్పలేదేం?"

"చెప్పబోతే నిలబడి అరిచారుగా, నా ఇంట్లోనా అని. పైగా మీ కాలి సంబరం చూసి నోరాడలేదు దానికి. బంధువులందరికీ ఫోన్లు కూడా చేశారాయె."

"మరి శనివారం ఏం చేద్దామనిట?"

"అదే దాని బాధ. మీ కాలితో వాయిస్తే ఉద్యోగం పోతుంది. వద్దంటే మీ మొహం చిన్నబోతుంది. ఏది పోగొట్టుకోవాలో తేల్చుకోలేక తిండి మానేసింది. చూడబోతే ఉద్యోగమే పోగొట్టుకునేట్టుంది. మీ కూతురు కదా, బుద్ధి ఎక్కడికి పోతుంది?"

మాస్టారు కడిగిన గ్లాసు తీసుకుని మళ్లీ కడిగారు. తరవాత వీధి వైపు వచ్చి, కావాలని చెప్పులు చప్పుడు చేశారు. లోపల పాట ఆగింది. కర్ర కింద పడిన శబ్దం. ఆయన వెళ్లేసరికి అమ్మాయి నిటారుగా కూర్చుని ఉంది. ఎడమకాలు బుద్ధిగా పక్కకి జరిగి ఉంది.

"రా నాన్నా. తొందరగా వచ్చేశావే! నీకోసమే ఆగాను."

మాస్టారు చెబుదామనుకున్నారు. నోరు తెరిచారు కూడా. ఆ తెరిచిన నోట్లోంచి "ఊఁ" తప్ప ఇంకేమీ రాలేదు. కుర్చీలో కూర్చున్నారు. ఇప్పుడు ఆలస్యంగా తొక్కుదామని పళ్లు బిగించారు. చేతులు కదిలేలోపే కాలు దిగిపోయింది. అది ఆయన కాలే, ఆయన మాట వినని కాలు.

"బాగానే ఉంది నాన్నా" అంది అమ్మాయి.

రోజూ విన్న మాటే. ఈసారి కాలు కదపకుండా విన్నారు గనక, ఆ 'బాగానే'లో ఎంత అలసట ఉందో వినిపించింది.

శనివారం బడి హాలు ఖాళీగా, పెద్దగా ఉంది. వేదిక కింద పియానో. అదీ కరెంటుదే, మూడు పెడళ్లది. ఎదురుగా బల్ల వెనక ప్రిన్సిపాలు మేడం, పక్కన ఇద్దరు పెద్దలు. అంతకుముందే వాయించిన కుర్రాడు కాగితాలు చుట్టుకుంటూ బయటికి వెళ్తున్నాడు. కట్టుకాలితో కర్ర ఊతంగా వస్తున్న అమ్మాయిని చూసి మేడం కళ్లజోడు సర్దుకున్నారు.

"ఇంత పెద్ద కట్టని ఫోన్లో చెప్పలేదేమమ్మా? వాయించగలవా?"

"వాయిస్తానండీ." అమ్మాయి కూర్చుంది. బడి నౌకరు ఓ కుర్చీ తెచ్చి, అమ్మాయి చూపించిన చోటే, ఎడమపక్కన వేశాడు.

కూతురి వెనకే వచ్చిన మాస్టారు ఆ కుర్చీ వీపు పట్టుకున్నారు. పాలిష్ చేసిన బూట్లు విప్పి పక్కన పెట్టారు. తరవాత కుర్చీ ఎత్తి, పియానో చుట్టూ తిరిగి, కూతురికి కుడిపక్కన వేసుకున్నారు.

"నాన్నా, ఇటు. అటు కాదు" అంది అమ్మాయి నెమ్మదిగా.

"ఇక్కడ స్టూలు లేదుగా. నీ కాలెక్కడ పెడతావు?" ఆయన కూర్చుని, కట్టుకాలిని జాగ్రత్తగా రెండు చేతులా ఎత్తి తన ఒళ్లో పెట్టుకున్నారు. పచ్చి గోడ మోస్తున్నట్టుంది బరువు. వేళ్లు మాత్రం చల్లగా, చిన్నపిల్లవిలా ఉన్నాయి.

"మరి పెడల్?"

"రెండో కాలుందిగా నీకు."

అమ్మాయి ఆయన మొహంలోకి చూసింది. ఆయన పియానో వంక చూస్తున్నారు.

"నేనింట్లో లేనప్పుడు చక్కగా వాయిస్తావు" అన్నారు.

అమ్మాయి కింది పెదవి ఓసారి మునిపళ్లతో నొక్కుకుంది. స్విచ్చి వేసింది. ఎడమకాలు మెల్లిగా జరిగి, కుడి పెడల్ మీదకి చేరింది.

మొదటి స్వరాలు పలికాయి. మాస్టారి కాలు ఉత్త నేలని తొక్కింది. రెండోసారీ తొక్కింది. ఒళ్లో కట్టుకాలు కదిలింది. అమ్మాయి వేళ్లు ఓ క్షణం తడబడ్డాయి. తను కదిలితే ఆ పిల్ల కదులుతుంది! మాస్టారు రెండు పాదాలూ వెనక్కి లాక్కుని, కుర్చీ కాళ్లకి చెరోటీ మెలేసి బిగించారు. ఇక చేసేదేమీ లేక విన్నారు. చేతులు దిగాయి. స్వరం పలికింది. అది పలికాక, ఇక ఆలస్యమైపోయింది, కొంప మునిగిందని ఆయనకి అనిపించిన తరవాత, కూతురి కాలు లేచి దిగింది. ఏ కొంపా మునగలేదు. పాట ముందుకి సాగింది.

పాట మధ్యలో, స్వరాలు పైకి ఎక్కే చోట, అమ్మాయి మేజోడు పెడల్ అంచు మీంచి జారింది. ధ్వని టక్కున తెగింది. పెద్ద హాల్లో ఆ నిశ్శబ్దం ఇంకా పెద్దదైంది. బల్ల వెనక ఒకాయన తలెత్తాడు. మాస్టారి ఒంట్లో ఉన్న నరాలన్నీ ఒక్కసారిగా కుడికాల్లోకి పరిగెత్తాయి. పెడల్ దగ్గర్లోనే ఉంది. కాలు చాస్తే అందుతుంది. ఒక్క తొక్కుడు. ఆయన కళ్లు మూసుకున్నారు. రెండు చేతులతో ఆ సిమెంటు కట్టుని, ఎవరో లాక్కుపోతున్నట్టు, గట్టిగా పట్టుకున్నారు.

కింద చెక్క మీద మునివేళ్లు తడుముకుంటున్న చప్పుడు వినిపించింది. దొరికింది. తెగినచోటి నుంచే స్వరాలు మళ్లీ లేచాయి, ఇందాకటి కంటే నెమ్మదిగా, ఇందాకటి కంటే నిండుగా. అక్కణ్ణుంచి చివరిదాకా ఆ కాలు జారలేదు. ఆఖరి స్వరం మీద చేతులు తీసేసి, కాలు మాత్రం ఉంచింది అమ్మాయి. ఆ స్వరం హాలంతా తిరిగి, సన్నబడి, సన్నబడి, ఇక వినడానికేమీ లేదనుకున్నాక కూడా కాసేపు ఉంది. అప్పుడు కాలెత్తింది.

మేడం పక్కనున్న ఇద్దరితో ఏదో మాట్లాడారు. వాళ్లు తలూపారు.

"కట్టు ఎప్పుడు విప్పుతారమ్మా?"

"నెల పడుతుందన్నారండీ."

"పై గదిలోకి ఎక్కలేవు కదా. అందాకా క్లాసులు ఇక్కడే పెడదాం. పిల్లల్నే కిందకి పంపిస్తాం, సోమవారం నుంచి." మేడం కాగితం మీద ఏదో రాసుకుని, కళ్లజోడు పైనుంచి మాస్టారి వంక చూశారు. "ఈయన మీ నాన్నగారా? ఇందాకణ్ణుంచీ చూస్తున్నాను. ఏం చేస్తున్నారండీ అక్కడ?"

మాస్టారు కట్టుకాలిని ఒళ్లోంచి దించలేదు.

"ఏమీ చెయ్యటం లేదండీ" అన్నారు. చొక్కా వీపంతా చెమటతో తడిసి ముద్దయి ఉంది.